అప్‌డేట్ తర్వాత ఫోన్, కంప్యూటర్ మొరాయిస్తే: ఏ పని ముందు చేయాలి, ఏది చివరికి ఉంచాలి

"నిన్న రాత్రి దాకా బాగానే ఉందండీ. పొద్దున లేచి చూస్తే అప్‌డేట్ అయింది, అప్పట్నుంచీ ఇలా ఉంది." సర్వీసింగ్ పనిలో ఉన్న నాకు ఈ మాట నెలలో ఒక వారం మరీ ఎక్కువగా వినిపిస్తుంది. అది ఏ వారమో ముందే చెప్పొచ్చు. మైక్రోసాఫ్ట్ తన విండోస్ సెక్యూరిటీ అప్‌డేట్లను ప్రతి నెలా రెండో మంగళవారం విడుదల చేస్తుంది. అమెరికా పశ్చిమ తీరంలో ఉదయం 10 గంటలంటే మనకు రాత్రి పదిన్నర, చలికాలంలో పదకొండున్నర. కాబట్టి మన దగ్గర గొడవ బుధవారం మొదలవుతుంది.

నా దగ్గరికి వచ్చేవాళ్లలో చాలామంది అప్‌డేట్ తెచ్చిన సమస్య ఒక్కటే పట్టుకుని రారు. దాన్ని బాగుచేయబోయి కొనితెచ్చుకున్న రెండో సమస్యతో కూడా వస్తారు. ఫోన్ నెమ్మదించిందని ఫ్యాక్టరీ రీసెట్ కొట్టి పిల్లల చిన్నప్పటి ఫొటోలు పోగొట్టుకున్నవాళ్లున్నారు. వాట్సాప్ తెరుచుకోవడం లేదని 'క్లియర్ డేటా' నొక్కి చాట్లన్నీ తుడిచేసుకున్నవాళ్లున్నారు. అప్‌డేట్ చేసిన నష్టాన్ని చాలాసార్లు సరిదిద్దొచ్చు. కంగారులో మనం చేసుకున్నదే చేతికి చిక్కదు. అందుకని ఈ మార్గదర్శి మొత్తం ఒకే క్రమంలో నడుస్తుంది: వెనక్కి తీసుకోగలిగిన పనులన్నీ ముందు, వెనక్కి తీసుకోలేనివి చిట్టచివర.

మొదటి గంటలో చేయాల్సినవి

ఫోనైనా కంప్యూటరైనా ఈ ఆరు పనులు ఒకటే. నాలుగోదాంట్లో మీరే చూసి తీసేసే అక్కర్లేని ఫైళ్లు తప్ప, ఏదీ దేన్నీ చెరపదు.

1. తెర మీద ఏదైనా ఎర్రర్ కనిపిస్తే ఇంకో ఫోన్‌తో ఫొటో తీసి పెట్టుకోండి. "ఏదో నీలం రంగులో వచ్చిందండీ" అంటే ఎవరూ సాయం చేయలేరు. ఆ కోడ్ ఉంటే సగం పని అయినట్టే. ఉదాహరణకి విండోస్‌లో 0ఎక్స్80070070 అని వస్తే అర్థం ఒక్కటే: డిస్క్‌లో చోటు లేదు.

2. రీస్టార్ట్ చేయండి. షట్‌డౌన్ చేసి ఆన్ చేయడం దీనికి సాటి రాదు. విండోస్‌లో ఫాస్ట్ స్టార్టప్ అనే ఏర్పాటు ఉంటుంది. అది ఆన్‌లో ఉంటే షట్‌డౌన్ చేసినా సిస్టమ్ పూర్తిగా ఆగదు. కొంత భాగాన్ని డిస్క్‌లో దాచుకుని, మళ్లీ ఆన్ చేసినప్పుడు అదే బయటికి తీస్తుంది. 'రీస్టార్ట్' నొక్కితేనే అన్నీ కొత్తగా మొదలవుతాయి. ఒకసారి చేశాక, పది నిమిషాలాగి రెండోసారి కూడా చేయండి. కొన్ని అప్‌డేట్లు రెండు విడతల్లో పూర్తవుతాయి.

3. సెట్టింగ్స్‌లోకి వెళ్లి అప్‌డేట్ పేజీ తెరిచి చూడండి. సగంలో ఆగిందా, ఇంకేమైనా మిగిలిందా తెలుస్తుంది. పెద్ద అప్‌డేట్ వెనకాలే దాని లోపాలు సరిచేసే చిన్న అప్‌డేట్ రావడం మామూలే.

4. ఖాళీ చోటు చూడండి. విండోస్ పెద్ద అప్‌డేట్‌కి కనీసం 20 జీబీ అయినా ఉండాలి. ఫోన్‌లో మెమరీ నిండిపోయి ఉంటే అప్‌డేట్ తర్వాత నత్తనడకే. డౌన్‌లోడ్స్ ఫోల్డరులోని అక్కర్లేని ఫైళ్లు, వాట్సాప్‌లో రోజూ వచ్చిపడే గుడ్ మార్నింగ్ వీడియోలు ముందు తీసేయండి.

5. తేదీ, సమయం సరిగా ఉన్నాయా? ఇది చిన్న విషయంలా కనిపిస్తుంది. గడియారం తప్పితే వాట్సాప్, బ్యాంకు యాప్‌లు, వెబ్‌సైట్లు ఏవీ సరిగా తెరుచుకోవు. 'ఆటోమేటిక్' అని పెట్టేయండి.

6. పరికరం ఇంకా ఆన్ అవుతూ ఉంటే, ఇప్పుడే బ్యాకప్ తీయండి. ఫొటోలు, కాగితాలు, కాంటాక్ట్‌లు పెన్‌డ్రైవ్‌లోకో, గూగుల్ డ్రైవ్‌లోకో పంపండి. మిగతా ప్రయోగాలన్నీ దాని తర్వాతే.

అప్‌డేట్ ఇంకా నడుస్తూ శాతం దగ్గర ఆగిపోయినట్టు కనిపిస్తే పవర్ బటన్ జోలికి పోకండి. పాత హార్డ్‌డిస్క్ ఉన్న మెషిన్లలో రెండు మూడు గంటలు పట్టడం నేను చాలాసార్లు చూశాను. డిస్క్ లైటు మిణుకుమిణుకుమంటుంటే లోపల పని జరుగుతున్నట్టే. వేసవిలో కరెంటు కోతలుండే ఊళ్లలో డెస్క్‌టాప్‌ను యూపీఎస్ లేకుండా అప్‌డేట్‌కి పెట్టొద్దు.

దోషి నిజంగా ఆపరేటింగ్ సిస్టమేనా?

ఇక్కడ రెండు సంఘటనలు గుర్తుంచుకోవాలి. 2021 మార్చి చివర్లో ప్రపంచమంతా ఆండ్రాయిడ్ ఫోన్లలో జీమెయిల్ లాంటి యాప్‌లు తెరిచీ తెరవగానే మూతపడ్డాయి. ఫోన్ పాడైందనుకుని రీసెట్ చేసుకున్నవాళ్లున్నారు. అసలు కారణం 'ఆండ్రాయిడ్ సిస్టమ్ వెబ్‌వ్యూ' అనే చిన్న భాగం. యాప్‌ల లోపల వెబ్ పేజీలు చూపించేది అదే. ప్లే స్టోర్‌లో దాన్నీ, క్రోమ్‌నీ అప్‌డేట్ చేస్తే సరిపోయింది.

రెండోది 2024 జులై 19. ఆ రోజు సుమారు 85 లక్షల విండోస్ కంప్యూటర్లు నీలి తెరతో ఆగిపోయాయి. హైదరాబాద్ విమానాశ్రయంలో ప్రయాణికులకు బోర్డింగ్ పాసులు చేత్తో రాసిచ్చారు. అందరూ విండోస్ అప్‌డేట్ అనుకున్నారు. అది క్రౌడ్‌స్ట్రైక్ అనే సెక్యూరిటీ సాఫ్ట్‌వేర్ పంపిన ఒక ఫైలు. సేఫ్ మోడ్‌లోకి వెళ్లి ఆ ఒక్క ఫైలు తీసేస్తే కంప్యూటర్లు లేచాయి.

కాబట్టి మొదట సేఫ్ మోడ్‌లో చూడండి. సేఫ్ మోడ్‌లో సిస్టమ్ తనకు తప్పనిసరైన వాటితోనే నడుస్తుంది, మనం వేసుకున్నవి పక్కన ఉంటాయి. అక్కడ బాగా పనిచేస్తే సిస్టమ్ మంచిదే, మీరు వేసుకున్న ఏదో యాప్ కానీ డ్రైవర్ (ఒక్కో పరికరాన్ని సిస్టమ్‌తో కలిపి నడిపించే చిన్న సాఫ్ట్‌వేర్) కానీ కొత్త వెర్షన్‌తో పొసగడం లేదని అర్థం. ఆండ్రాయిడ్‌లో చాలా ఫోన్లకు పవర్ మెనూలోని 'పవర్ ఆఫ్' గుర్తును నొక్కి పట్టుకుంటే సేఫ్ మోడ్ అడుగుతుంది. బయటికి రావడానికి మామూలుగా రీస్టార్ట్ చేస్తే చాలు. విండోస్‌లో సేఫ్ మోడ్‌కి దారి కింద 'అసలు ఆన్ కావడమే లేదు' అన్న చోట ఉంది.

విండోస్: ఆన్ అవుతోంది, కానీ ఏదో ఒకటి పనిచేయడం లేదు

సౌండ్ రాదు, వైఫై కనిపించదు, తెర మీద అక్షరాలు ఏనుగంత అవుతాయి. ఇలాంటప్పుడు ఎక్కువసార్లు దోషి డ్రైవరే. స్టార్ట్ బటన్ మీద రైట్ క్లిక్ చేసి డివైస్ మేనేజర్ తెరవండి. పనిచేయని పరికరం పేరు మీద రైట్ క్లిక్ చేసి ప్రాపర్టీస్‌కి వెళ్తే, డ్రైవర్ అనే ట్యాబ్‌లో 'రోల్ బ్యాక్ డ్రైవర్' ఉంటుంది. అది నొక్కితే పాత డ్రైవర్ తిరిగొస్తుంది. ఆ బటన్ వెలిసిపోయి కనిపిస్తే పాతది లేదని అర్థం. అప్పుడు ల్యాప్‌టాప్ కంపెనీ సొంత సైటులో మీ మోడల్ నంబరు కొట్టి అక్కడి డ్రైవరే తెచ్చుకోండి. 'అన్ని డ్రైవర్లూ ఒక్క క్లిక్కుతో' అని ఊరించే సాఫ్ట్‌వేర్లు దయచేసి వేయొద్దు. వాటిని తీయించుకోవడానికే మళ్లీ నాలాంటివాళ్ల దగ్గరికి రావాల్సి వస్తుంది.

వైఫై పోయి నెట్ లేకుండా డ్రైవర్ ఎలా తెచ్చుకోవాలని అడుగుతారు. ఫోన్‌ను యూఎస్‌బీ కేబుల్‌తో కంప్యూటర్‌కి పెట్టి, ఫోన్ సెట్టింగ్స్‌లో 'యూఎస్‌బీ టెథరింగ్' ఆన్ చేయండి. ఫోన్ నెట్ కంప్యూటర్‌కి వస్తుంది.

జిరాక్స్ షాపులు, ఇంటర్నెట్ సెంటర్ల వాళ్లకు ప్రింటర్ తలనొప్పి వేరు. 2021 సెప్టెంబరు అప్‌డేట్ తర్వాత ఒక కంప్యూటర్‌కి పెట్టి మిగతావాటికి షేర్ చేసిన ప్రింటర్లు 0ఎక్స్0000011బి అనే ఎర్రర్‌తో ఆగిపోయాయి. ప్రింటింగ్‌లోని భద్రతా లోపాన్ని మూయబోతే ఇది వచ్చింది. ఇలాంటప్పుడు ముందు ప్రింటర్‌ను యూఎస్‌బీతో నేరుగా పెట్టి కస్టమర్ల పని కానివ్వండి. తర్వాత తీరిగ్గా ప్రింటర్‌ను తీసేసి మళ్లీ చేర్చండి.

పై పనులకు లొంగకపోతే ఈ వరసలో వెళ్లండి:

1. నెలవారీ చిన్న అప్‌డేట్ తర్వాత వచ్చిన సమస్య అయితే సెట్టింగ్స్‌లో విండోస్ అప్‌డేట్, అందులో అప్‌డేట్ హిస్టరీ, కింద 'అన్‌ఇన్‌స్టాల్ అప్‌డేట్స్'. తేదీ చూసి ఆఖరుది ఒక్కటే తీయండి. మీ ఫైళ్లకు ఏమీ కాదు.

2. వెంటనే అప్‌డేట్లను 'పాజ్' చేయండి. లేదంటే మర్నాడు అదే మళ్లీ ఎక్కుతుంది. విండోస్ 11లో ఐదు వారాల దాకా ఆపొచ్చు. అంతకంటే ఎక్కువ ఆపాలని చూడకండి, సెక్యూరిటీ లేకుండా బ్యాంకు పనులు చేయడం ఇంకా ప్రమాదం.

3. వెర్షనే మారిన పెద్ద అప్‌డేట్ అయితే సెట్టింగ్స్, సిస్టమ్, రికవరీలో 'గో బ్యాక్' ఉంటుంది. దీనికి గడువు 10 రోజులే. పాత వెర్షన్‌ను సీ డ్రైవ్‌లో విండోస్ డాట్ ఓల్డ్ అనే ఫోల్డర్‌లో దాచి ఉంచుతుంది, గడువు తీరాక చెరిపేస్తుంది. చోటు కోసమని ఆ ఫోల్డర్‌ను మీరే ముందుగా చెరిపేస్తే వెనక్కి దారి మూసుకున్నట్టే.

4. సిస్టమ్ ఫైళ్లు చెడ్డాయని అనుమానం ఉంటే కమాండ్ ప్రాంప్ట్‌ను అడ్మినిస్ట్రేటర్‌గా తెరిచి ఎస్ఎఫ్‌సీ అని కొట్టి, ఒక స్పేస్ ఇచ్చి, ఫార్వర్డ్ స్లాష్ పెట్టి, దాని వెంటనే స్కాన్‌నౌ అని కలిపి రాసి ఎంటర్ నొక్కండి. చెడిన ఫైళ్లను వెతికి సరిచేస్తుంది. టీ తాగి వచ్చేంత సమయం పడుతుంది.

5. ఇంకా కుదరకపోతే, కొత్త విండోస్ 11లో అదే రికవరీ పేజీలో 'ఫిక్స్ ప్రాబ్లమ్స్ యూజింగ్ విండోస్ అప్‌డేట్' అని ఉంటుంది. అది విండోస్‌ను మళ్లీ వేస్తుంది, కానీ మీ ఫైళ్లు, ప్రోగ్రాములు, సెట్టింగ్స్ అలాగే ఉంచుతుంది. ఫార్మాట్ చేయించే ముందు దీన్ని ప్రయత్నించకపోవడం నిజంగా పొరపాటు.

విండోస్ 10కి మామూలు సపోర్టు 2025 అక్టోబరు 14తో ముగిసింది. అందుకని 11కి కావలసిన టీపీఎమ్ 2.0 అనే భద్రతా ఏర్పాటు లేని పాత మెషిన్ల మీద కూడా అడ్డదారిలో 11 ఎక్కించేస్తున్నారు. అలా ఎక్కించిన వాటికి తర్వాతి అప్‌డేట్లు వస్తాయన్న హామీని మైక్రోసాఫ్ట్ ఇవ్వదు. మీ ల్యాప్‌టాప్ అలాంటిదైతే ప్రతి పెద్ద అప్‌డేట్‌కీ ముందు బ్యాకప్ తప్పనిసరి అనుకోండి.

విండోస్: అసలు ఆన్ కావడమే లేదు

మెషిన్ ఆన్ చేసి, లోగో కనబడగానే పవర్ బటన్ నొక్కి పట్టి ఆపేయండి. ఇలా రెండు మూడుసార్లు చేస్తే విండోస్ తనంతట తానే రికవరీ స్క్రీన్ చూపిస్తుంది. అక్కడ ట్రబుల్‌షూట్, తర్వాత అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్. అందులోకి వెళ్లాక ఈ వరస తప్పొద్దు: ముందు స్టార్టప్ రిపేర్, అది కాకపోతే అన్‌ఇన్‌స్టాల్ అప్‌డేట్స్, తర్వాత సిస్టమ్ రీస్టోర్. సేఫ్ మోడ్ కావాలంటే స్టార్టప్ సెట్టింగ్స్‌లో రీస్టార్ట్ నొక్కి, వచ్చిన జాబితాలో 4 నొక్కండి. నెట్‌తో సహా కావాలంటే 5. 'రీసెట్ దిస్ పీసీ' అనేది కూడా ఎదురుగానే కనిపిస్తుంది. దాని జోలికి ఇప్పుడే వెళ్లొద్దు.

2025 అక్టోబరులో ఒక అప్‌డేట్ ఈ రికవరీ స్క్రీన్‌లోనే యూఎస్‌బీ కీబోర్డు, మౌసు పనిచేయకుండా చేసింది. బాగుచేసుకునే చోటికి వెళ్లాక చేతులు కట్టేసినట్టన్నమాట. మైక్రోసాఫ్ట్ అక్టోబరు 20న విడిగా ఇంకో అప్‌డేట్ ఇచ్చి సరిచేసింది. నేను మాత్రం అప్పట్నుంచీ విండోస్ ఇన్‌స్టాలేషన్ పెన్‌డ్రైవ్ ఒకటి ఎప్పుడూ దగ్గర ఉంచుకుంటున్నాను. దాంతో బూట్ చేసి 'రిపేర్' ఎంచుకుంటే అదే రికవరీ స్క్రీన్ వస్తుంది. 8 జీబీ పెన్‌డ్రైవ్ చాలు, మైక్రోసాఫ్ట్ సైటులో మీడియా క్రియేషన్ టూల్ ఉచితంగా దొరుకుతుంది.

ఇక జనాన్ని ఎక్కువగా భయపెట్టే నీలి తెర 'బిట్‌లాకర్ రికవరీ'. మా వీధి చివర ఉండే రిటైర్డ్ హెడ్‌మిస్ట్రెస్ గారు ఒకరోజు సాయంత్రం ల్యాప్‌టాప్‌ను గుడ్డ సంచిలో పెట్టుకుని వచ్చారు. ఆన్ చేస్తే 48 అంకెల కీ అడుగుతోంది. "నాకు ఇలాంటి నంబరు ఎవరూ ఇవ్వలేదు బాబూ. నా పాఠాలన్నీ ఇందులోనే ఉన్నాయి" అన్నారు. గొంతులో వణుకు తెలుస్తోంది. అప్పటికే ఒకాయన ఫార్మాట్ చేస్తే పోతుందని చెప్పాడట.

"ఈ ల్యాప్‌టాప్ మొదటిసారి ఆన్ చేసింది ఎవరండీ?" అని అడిగాను.

"మా అబ్బాయి. సంక్రాంతికి వచ్చినప్పుడు తెచ్చి, అన్నీ వాడే పెట్టిచ్చాడు."

దారి అక్కడే దొరికింది. మైక్రోసాఫ్ట్ అకౌంట్‌తో సెటప్ చేసిన చాలా ల్యాప్‌టాప్‌లు డిస్క్‌ను వాటంతటవే ఎన్‌క్రిప్ట్ చేసుకుంటాయి, అంటే కీ లేనిదే ఎవరూ చదవలేనట్టు తాళం వేసుకుంటాయి. ఆ కీ ఎవరి అకౌంట్‌తో సెటప్ చేస్తే వాళ్ల అకౌంట్‌లో భద్రంగా ఉంటుంది. అబ్బాయి డాలస్‌లో. అక్కడ అప్పుడే తెల్లవారుతోంది. వాట్సాప్ కాల్‌లో నిద్రగొంతుతో లాగిన్ అయ్యాడు. తెర మీద కీ ఐడీ అని కనబడేదాని మొదటి 8 అక్షరాలు, అతని పేజీలో ఉన్నవి ఒకటేనా అని ముందు సరిచూశాం. ఎందుకంటే అతని పేరు మీద మూడు ల్యాప్‌టాప్‌లున్నాయి. తర్వాత అతను ఆరేసి అంకెల చొప్పున ఎనిమిది గుంపులు చదివాడు. ఆవిడ ఒక్కో గుంపునూ ఎక్కాలు అప్పజెప్పించుకున్నట్టు తిరిగి చదివి మరీ టైపు చేశారు. ల్యాప్‌టాప్ తెరుచుకుంది. పాఠాలన్నీ ఉన్నాయి.

మీ ఇంట్లో ఇదే తెర వస్తే అడగాల్సిన ప్రశ్న కూడా ఇదే: మొదట సెటప్ చేసింది ఎవరు? కొడుకా, కోడలా, ఆఫీసు ఐటీ వాళ్లా? ఆఫీసు ల్యాప్‌టాప్ అయితే కీ ఆఫీసు వాళ్ల దగ్గర ఉంటుంది. కీ దొరక్కపోతే మాత్రం లోపలి డేటాను ఎవరూ తీయలేరు, తీస్తామని డబ్బు అడిగేవాళ్లను నమ్మకండి. ల్యాప్‌టాప్ బాగా పనిచేస్తున్నప్పుడే ఈ కీని కాగితం మీద రాసి ఉంచుకోవాలి. ఆ కాగితం ల్యాప్‌టాప్ బ్యాగులో పెట్టొద్దు.

తెలుగు టైపింగ్ పోయిందా?

అప్‌డేట్ తర్వాత కీబోర్డు జాబితాలో తెలుగు మాయమైతే సెట్టింగ్స్‌లో టైమ్ అండ్ లాంగ్వేజ్, అందులో లాంగ్వేజ్ అండ్ రీజియన్‌కి వెళ్లి తెలుగు పక్కన మూడు చుక్కలు నొక్కి కీబోర్డు చేర్చండి. ఇన్‌స్క్రిప్ట్ అలవాటున్నవాళ్లు తెలుగు అనే దాన్ని, ఇంగ్లిషు అక్షరాలతో కొట్టేవాళ్లు తెలుగు ఫొనెటిక్ అనే దాన్ని ఎంచుకోండి. ఈ ఫొనెటిక్ కీబోర్డు 2019 మే అప్‌డేట్‌తో విండోస్‌లోనే వచ్చింది. మార్చుకోవడానికి విండోస్ కీ, స్పేస్ కలిపి నొక్కాలి.

అను స్క్రిప్ట్ మేనేజర్, పేజ్‌మేకర్‌తో పెళ్లి పత్రికలు, కరపత్రాలు చేసే డీటీపీ సోదరులకు నా విన్నపం ఒకటుంది. పేజ్‌మేకర్ 7 వచ్చింది 2001లో. పాతికేళ్ల నాటి సాఫ్ట్‌వేర్‌ను కొత్త విండోస్ మోస్తుందన్న నమ్మకం పెట్టుకోవద్దు. అప్‌డేట్ తర్వాత తెరుచుకోకపోతే ఆ ప్రోగ్రాం గుర్తు మీద రైట్ క్లిక్ చేసి 'రన్ యాజ్ అడ్మినిస్ట్రేటర్' ప్రయత్నించండి. కాకపోతే ప్రాపర్టీస్‌లో కంపాటిబిలిటీ ట్యాబ్‌కి వెళ్లి పాత విండోస్ వెర్షన్ ఎంచుకోండి. అక్షరాలు గజిబిజిగా కనిపిస్తే ఫాంట్లు పోయాయని అర్థం, వాటిని మళ్లీ వేస్తే చాలు, ఫైలు చెడిపోలేదు. వీలైతే ఆ పనికి ఒక పాత కంప్యూటర్‌ను విడిగా, నెట్ లేకుండా ఉంచండి. పూర్తయిన ప్రతి పనికీ పీడీఎఫ్ తీసి పెట్టుకోండి. పెళ్లిళ్ల సీజన్ నడిమధ్యలో మాత్రం మెషిన్‌ను పెద్ద అప్‌డేట్‌కి వదలొద్దు.

ఆండ్రాయిడ్ ఫోన్

బ్యాటరీ త్వరగా అయిపోతోంది, ఫోన్ వేడెక్కుతోంది అనే ఫిర్యాదుకి మొదటి మందు ఓపిక. సిస్టమ్ మారాక ఫోన్ తన యాప్‌లన్నింటినీ కొత్త వెర్షన్‌కి తగ్గట్టు సిద్ధం చేసుకుంటుంది, ఫొటోలను మళ్లీ వరస పెట్టుకుంటుంది. రెండు మూడు రోజులు రాత్రి ఛార్జింగ్‌లో, వైఫైలో ఉంచండి. ప్లే స్టోర్‌లో యాప్‌లన్నీ అప్‌డేట్ చేయండి. మూడు రోజులయ్యాక కూడా తగ్గకపోతే సెట్టింగ్స్‌లో బ్యాటరీ వినియోగం తెరిచి ఏ యాప్ తింటోందో చూసి, దాన్నొక్కదాన్నే తీసి మళ్లీ వేయండి.

ఒక యాప్ తెరిస్తే మూతపడుతుంటే ఆ యాప్ సమాచారంలోకి వెళ్లి 'క్లియర్ క్యాష్' నొక్కండి. పక్కనే 'క్లియర్ డేటా' లేదా 'క్లియర్ స్టోరేజ్' ఉంటుంది. ఈ రెంటికీ ఉన్న తేడా బాగా గుర్తుంచుకోండి. మొదటిది తాత్కాలిక ఫైళ్లను తీస్తుంది. రెండోది ఆ యాప్‌లో మీదంటూ ఉన్నదంతా తీసేస్తుంది. వాట్సాప్‌కి రెండోది చేయాల్సి వస్తే, ముందు వాట్సాప్ సెట్టింగ్స్‌లో చాట్స్, అందులో చాట్ బ్యాకప్ తెరిచి చివరి బ్యాకప్ తేదీ చూడండి. అది ఇప్పుడు మీ గూగుల్ అకౌంట్‌లోని 15 జీబీ ఉచిత చోటులోంచే వాడుకుంటుంది. చోటు నిండితే బ్యాకప్ నెలల కిందటే ఆగిపోయి ఉండొచ్చు.

కాల్స్ వెళ్లకపోతే వోల్టీ (4జీ మీదే కాల్స్ నడిపే ఏర్పాటు) ఆన్‌లో ఉందో లేదో చూడండి. జియోకి 2జీ, 3జీ లేవు కాబట్టి ఈ బటన్ ఆఫ్ అయితే సిగ్నల్ నిండుగా ఉన్నా మామూలు కాల్ వెళ్లదు. నెట్ రాకపోతే సిమ్ తీసి తుడిచి పెట్టి, ఏపీఎన్‌ను (సిమ్ కంపెనీ నెట్‌కి కలిపే సెట్టింగ్) డిఫాల్ట్‌కి మార్చి చూడండి. ఆఖరున 'రీసెట్ నెట్‌వర్క్ సెట్టింగ్స్'. ఇది మీ ఫైళ్లను ముట్టుకోదు కానీ వైఫై పాస్‌వర్డులు, బ్లూటూత్ జతలు పోతాయి. వైఫై పాస్‌వర్డు ముందే రాసుకోండి.

యూపీఐ ఆగిపోతే ఇల్లు గడవదు కాబట్టి దీని గురించి కాస్త వివరంగా చెబుతాను. యూపీఐ యాప్ మీ బ్యాంకు ఖాతాను ఫోన్‌కీ, అందులోని సిమ్‌కీ ముడివేసి ఉంచుతుంది. సిస్టమ్ మారాక ఒక్కోసారి ఆ ముడి మళ్లీ వేయమంటుంది. అప్పుడు యాప్ మీ సిమ్ నుంచి ఒక ఎస్ఎంఎస్ తనంతట తాను పంపుతుంది. అది వెళ్లకపోతే 'వెరిఫికేషన్ ఫెయిల్డ్'. అందుకని:

- బ్యాంకులో ఇచ్చిన నంబరు సిమ్ అదే ఫోన్‌లో ఉండాలి, రెండు సిమ్‌లుంటే సరైనది ఎంచుకోవాలి.
- ఆ సిమ్‌లో ఎస్ఎంఎస్ వెళ్లే ప్యాక్ ఉండాలి. రీఛార్జ్ అయిపోయిన రెండో సిమ్‌తోనే ఎక్కువమంది ఇరుక్కుంటారు.
- యాప్‌కి ఎస్ఎంఎస్, ఫోన్ పర్మిషన్లు ఉన్నాయో చూడాలి.
- వైఫై ఆపి మొబైల్ డేటాతో చేయాలి.
- డెవలపర్ ఆప్షన్స్ ఆన్‌లో ఉంటే ఆపేయాలి. కొన్ని బ్యాంకు యాప్‌లు అది చూస్తే తెరుచుకోవు.

ముడి కొత్తగా పడ్డాక మొదటి 24 గంటలు పంపే మొత్తానికి బ్యాంకులు తక్కువ పరిమితి పెట్టొచ్చు. రేపు బంగారం కొనాలనుకుని ఈ రాత్రి ఫోన్ రీసెట్ చేయకండి. ఇంకో ముఖ్యమైన మాట. యూపీఐ ఆగిందని గూగుల్‌లో కస్టమర్ కేర్ నంబరు వెతికి ఫోన్ చేయకండి. ఆ నంబర్లలో మోసగాళ్లవి చాలా ఉంటాయి. స్క్రీన్ షేర్ చేసే యాప్ వేసుకోమన్నారంటే ఫోన్ పెట్టేయండి. యాప్ లోపల ఉన్న హెల్ప్‌నే వాడండి. పొరపాటున డబ్బు పోతే ఆ క్షణమే సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయాలి.

తెర మీద నిలువుగా ఆకుపచ్చ గీత వస్తే అది డిస్‌ప్లే సమస్య. ఏ రీసెట్‌తోనూ పోదు. గీతలు పెరిగి తెర పూర్తిగా పోయేలోపు బ్యాకప్ తీయండి. డబ్బు కట్టేముందు సర్వీస్ సెంటర్‌లో మీ మోడల్‌కి ఉచిత మార్పిడి ఉందేమో అడగండి. కొన్ని కంపెనీలు కొన్ని మోడళ్లకు మన దేశంలో ఆ సౌకర్యం ఇచ్చాయి.

ఐఫోన్

ఐఫోన్‌లో చేయగలిగేవి తక్కువ, అందుకే తేలిక. తెర బిగుసుకుపోతే వాల్యూమ్ పెంచే బటన్ నొక్కి వదలండి, తగ్గించేది నొక్కి వదలండి, తర్వాత పక్క బటన్‌ను యాపిల్ గుర్తు వచ్చేదాకా పట్టుకోండి. ఐఫోన్ 8 నుంచి అన్నింటికీ ఇదే. గుర్తు దగ్గరే ఆగిపోతే కంప్యూటర్‌కి పెట్టి ఇవే బటన్లతో, గుర్తు వచ్చాక కూడా వదలకుండా, రికవరీ తెర వచ్చేదాకా పట్టుకోండి. కంప్యూటర్ 'అప్‌డేట్', 'రీస్టోర్' అని రెండు చూపిస్తుంది. 'అప్‌డేట్' నొక్కితే డేటా ఉంటుంది, 'రీస్టోర్' అంతా తుడిచేస్తుంది. డౌన్‌లోడ్‌కి 15 నిమిషాలు దాటితే ఫోన్ రికవరీ నుంచి బయటికి వచ్చేస్తుంది, కంగారు లేకుండా మళ్లీ మొదటినుంచి చేయండి. పాత ఐఓఎస్‌కి వెళ్దామంటే కుదరదనే అనుకోండి, కొత్తది వచ్చిన కొద్ది వారాల్లోనే పాతదాన్ని వేసుకునే దారిని యాపిల్ మూసేస్తుంది.

అలాగని అప్‌డేట్లంటే భయపడి ఆపేయకూడదు. 2018 ఫిబ్రవరిలో మన 'జ్ఞా' అక్షరమే ఐఫోన్లను కూల్చింది. మధ్యలో కంటికి కనబడని ఒక గుర్తుతో ఆ అక్షరం మెసేజ్‌గా వస్తే మెసేజ్ యాప్‌లు తెరుచుకునేవి కావు. విజ్ఞానం, జ్ఞాపకం అని రాసుకునే భాష మనది. దాన్ని సరిచేసింది ఆ నెల 19న వచ్చిన ఐఓఎస్ 11.2.6 అప్‌డేటే.

ఆఖరి మెట్టు: ఫ్యాక్టరీ రీసెట్, సర్వీస్ సెంటర్

ఇక్కడిదాకా వచ్చారంటే మిగతావన్నీ అయిపోయాయని అర్థం. రీసెట్‌కి ముందు గూగుల్ అకౌంట్ ఐడీ, పాస్‌వర్డు గుర్తున్నాయో లేదో వేరే ఫోన్‌లో లాగిన్ అయి చూసుకోండి. బటన్లతో రికవరీలోంచి రీసెట్ చేస్తే, పాత గూగుల్ అకౌంట్ వివరాలు ఇచ్చేదాకా ఆండ్రాయిడ్ ఫోన్ తెరుచుకోదు. దొంగల కోసం పెట్టిన తాళం అది, మర్చిపోతే సొంతదారుడికీ పడుతుంది. అమ్మానాన్నల ఫోన్ అయితే ఆ అకౌంట్ ఎవరు తెరిచిచ్చారో ముందే కనుక్కోండి.

సర్వీస్ సెంటర్‌కి ఇచ్చేటప్పుడు సిమ్, మెమరీ కార్డు తీసుకోండి. ఐఎంఈఐ నంబరు రాసున్న రసీదు అడిగి తీసుకోండి. మొదట తీసిన ఎర్రర్ ఫొటో చూపించండి. ఏ తేదీన ఏ అప్‌డేట్ ఎక్కింది, మీరు ఇప్పటిదాకా ఏమేం చేశారు అన్నది ఒక చీటీ మీద రాసి ఇవ్వండి. "డేటా పోయినా ఫర్వాలేదు" అని ముద్రించిన ఫారం మీద సంతకం పెట్టమంటారు. డేటా కావాలంటే ఆ సంగతి ఫారం మీదే పెన్నుతో రాయించి, అప్పుడు సంతకం పెట్టండి.